పైచెకు నేర్పిన చప్పుడు

సాంతా ఒలాయా,
జూన్.

అక్కయ్య దెల్మీరాకు,

పురపాలక సంఘం వారి చేపల ప్రదర్శనశాల పర్యవేక్షకుడి హోదాలో కొంతా, నీ తమ్ముడి హోదాలో మిగతా అంతా వ్రాస్తున్నాను.

ఆదివారం లాంచీలో నీవు పంపిన చిన్నచేపల డబ్బా క్షేమంగా చేరింది. వాటిలో ఒక్కటీ చావలేదు. ఇది మామూలుగా సంతోషించదగ్గ సంగతి. ఈసారి మాత్రం పరిపాలనాపరమైన చిక్కుగా పరిణమించింది.

ఈ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా చర్చి నుంచి నేరుగా ప్రదర్శనశాలకు వచ్చి, మన పైచె చేప ముందు నిలబడి ఫోటో తీయించుకోవడం ఆచారమని నీకు తెలుసు. మనిషికంటె పొడవైన చేప పక్కన ఏ వరుడైనా పొట్టిగానే కనిపిస్తాడని నేను పలుమార్లు హెచ్చరించాను; ఎవరూ వినలేదు. పోయిన శనివారం కౌన్సిలర్ బల్తజార్ గారి అమ్మాయి పెళ్ళి. అది మన పైచె భోజన సమయం. నేను నియమానుసారం చిన్నచేపలను తొట్టెలోకి వదిలాను. వధువు వంగి, "అయ్యో, ఎంత ముద్దుగా ఉన్నాయో!" అంటూ ఉండగా వాడు నోరు తెరిచాడు. గాలికి పెద్ద తలుపు మూసుకున్నట్టు చప్పుడయింది. ముద్దుగా ఉన్నవి ఇక లేవు. మిగిలినవి అద్దానికి అతుక్కుపోయి, వధువు వైపే చూస్తూ నిలిచాయి. ఆమె ఏడ్చింది. వరుడు ఓదార్చబోయి, "ఏడవకు బంగారం, పెద్దది చిన్నదాన్ని తినడం లోకధర్మం" అన్నాడు. పెళ్ళినాడు వధువుకు చెప్పదగ్గ మాట కాదు. ఆమె మరీ ఏడ్చింది.

సోమవారానికల్లా 'సజీవాహార విచారణ సంఘం' ఏర్పడింది. సభ్యులు ముగ్గురు: కౌన్సిలర్ గారు, ఫాదర్ అబుందియో, మందుల షాపు సెన్యోరా ఎర్మెలిందా. వారు నది ఒడ్డు హోటల్లో సమావేశమై, చిన్నచేపల వేదనను గూర్చి వేపుడు చేప తింటూ సుదీర్ఘంగా చర్చించారు. ముళ్ళు ఒక పక్కకు, అభిప్రాయాలు ఒక పక్కకు చేరాక తీర్మానం వెలువడింది. ఇక మీదట మన పైచెకు ప్రాణమున్న చేపను పెట్టరాదు, చచ్చినదే పెట్టాలి. ఎవరు చంపాలన్నది ప్రదర్శనశాల అంతరంగిక విషయమని ఫాదర్ ఒక వాక్యం చేర్చారు.

కాబట్టి ఇకపై చేపను ఐసులో పెట్టి పంపగలవు. వాడు కులాసా.

నీ తమ్ముడు,
ఎవారిస్తో.


సాన్ ఇల్దెఫోన్సో మడుగు,
జూన్.

ఒరే ఎవారిస్తో,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వానురా. తర్వాత నవ్వు రాలేదు.

ఆ పెళ్ళికూతురు పిచ్చిదేం కాదు. వల వేసి పట్టి నీ డబ్బాలో పోసేప్పుడల్లా నేనూ మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. చెప్పలేదంతే. మడుగులోనూ పెద్దది చిన్నదాన్ని తింటుంది, నాకు తెలీదా? కానీ మడుగులో గడ్డి ఉంది, వేళ్ళున్నాయి. సగానికి సగం తప్పించుకుంటాయి. నీ అద్దాల పెట్టెలో ఎక్కడికి పోతాయి? అది వేట కాదురా, వడ్డన.

అయినా మన వాడు చచ్చింది ముట్టడు. వాడెలా వచ్చాడో నువ్వు మర్చిపోయినట్టున్నావు. మీ బావ వాడి తండ్రిని బల్లెంతో కొట్టాడు. పడవలోకి లాక్కున్నాక చూస్తే, నీళ్ళలో నల్లగా పిల్లల గుంపు. పైచె పిల్లలు తండ్రి తల నీడలోనే తిరుగుతాయి కదా. ఆ తల లేకపోయేసరికి వచ్చి పడవ నీడలో చేరాయి. పడవే తండ్రి అనుకున్నాయిరా. ఎంత తోసినా పోలేదట. మీ కసిమీరో బావ ఇంటికొచ్చి కాల్చిన అరటికాయ కూడా ముట్టలేదు. వంటకుండలో ఒక్కదాన్ని తెచ్చాడు. మిగతావాటిని పిరాన్యా చేపలు మిగల్చలేదు.

ఆ ఒక్కణ్ణీ గుంటలో వేసి ఏళ్ళపాటు పెంచాడు. ఆయన జ్వరంతో పోయాక నాకు చేతకాక నీకిచ్చాను. ఆయన చేతిమీద పెరిగిన ప్రాణం నాకింకొకటి లేదు. తింటున్నాడా లేదా? తిన్నగా చెప్పు. 'సంతృప్తికరం' అని రాశావంటే లాంచీ ఎక్కి వచ్చి చెవి మెలేస్తాను.

అక్క.


సాంతా ఒలాయా,
జూలై.

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. చెవిని గూర్చిన నీ సూచనను నమోదు చేసుకున్నాను.

ఐసు చేపలు సకాలంలో వస్తున్నాయి. వాటి నాణ్యతను సెన్యోరా ఎర్మెలిందా స్వయంగా వాసన చూసి ధ్రువీకరించారు. ప్రదర్శనశాల ద్వారం మీద 'ఇచ్చట హింస లేదు' అనే ఫలకం వేలాడదీశారు. ఫాదర్ దానిపై పవిత్రజలం చల్లగా, ఒక అక్షరం రంగు కారింది.

నీవు ఇంతకు ముందు పంపిన చిన్నచేపలు కొన్ని మిగిలాయి. వాటిని ఏం చేయాలో తీర్మానంలో లేదు. పక్క తొట్టెలో ఉంచాను.

మన వాడి ఆహార స్వీకరణ విషయంలో త్వరలోనే అనుకూల పరిణామం ఆశించబడుతున్నది.

ఎవారిస్తో.


సాన్ ఇల్దెఫోన్సో మడుగు,
జూలై.

ఒరే,

'ఆశించబడుతున్నది' అంటే తినట్లేదనేగా. నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని, నీ ఆఫీసు భాష నాకు తెలీదా? చిన్నప్పుడు పక్క తడిపినా 'వాన కురిసింది' అనేవాడివి.

విను. వాణ్ణి కుండలో పెట్టిన మొదటి రోజుల్లోనూ ఇలాగే మొండికేశాడు. మీ బావ ఏం చేశాడంటే, కుండ అంచు మీద తెడ్డుతో మెల్లిగా తట్టేవాడు. టక్, టక్, టక్. తట్టి, చేపముక్కను దారానికి కట్టి నీళ్ళలో ఆడించేవాడు. నేను వెక్కిరించేదాన్ని, "చంటిపిల్లాడికి గిలక్కాయా?" అని. "నువ్వు తిను అంటే తింటావా దెల్మీరా, పిలిచి పెడితేనేగా తినేది" అనేవాడు. కొన్నాళ్ళకు దారం అక్కర్లేకపోయింది. గుంటలోకి మార్చాక బతికిన చేపలు మరిగి, ఆ పిలుపు మర్చిపోయాడు. గుర్తు చెయ్యి.

ఆయన తెడ్డు పంపుతున్నా. జాగ్రత్త. పిడి దగ్గర ఆయన చెయ్యి పట్టిన చోట నున్నగా ఉంటుంది. అక్కడే పట్టుకో.

అక్క.


సాంతా ఒలాయా,
ఆగస్టు.

అక్కయ్యా,

తిన్నాడు.

ఈ వార్తను హోదాలేవీ లేకుండా వ్రాస్తున్నాను. మొదట తొట్టె చట్రం మీద తట్టినప్పుడు వాడు కదలలేదు. రోజూ తట్టాను. మా స్వీపరమ్మ ఫ్లోరిపా, "సార్ ఎవరి ఇంటి తలుపు కొడుతున్నారో" అని అందరికీ చెప్పి నవ్వించింది. నిన్న తట్టగానే వాడు అడుగు నుంచి లేచాడు. అంత పెద్ద శరీరం, పడవ తిరిగినట్టు తిరిగి నా వైపు వచ్చింది. పైచెలన్నీ గాలి కోసం తేలినట్టే పైకి తేలి, బావ చుట్ట కాల్చాక దగ్గినట్టే ఒక దగ్గు దగ్గి గాలి పీల్చుకుని, దారానికున్న చేపను నా చేతి దగ్గర నుంచి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ అద్దానికి రాసుకుని వాడి మూతి మీద తెల్లమచ్చ పడింది. దాన్ని వేలితో తాకాను. ఊరుకున్నాడు.

ఒక వింత. పక్క తొట్టెలోని చిన్నచేపలు కూడా ఆ చప్పుడుకు గుంపుగా అద్దం దగ్గరికి వస్తున్నాయి. ఎవరు ఎవరి భోజనమో తెలియని ఇటువంటి సమానత్వం పురపాలక సంఘంలో కూడా నేను చూడలేదు.

విచారణ సంఘం వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. వాడు హింసను త్యజించాడని కౌన్సిలర్ గారు ప్రసంగించారు. ప్రసంగం సాగుతుండగా వాడు మరొక చేపను మింగాడు. అది త్యాగంలో భాగంగా పరిగణించబడింది.

నీ ఎవారిస్తో.


సాంతా ఒలాయా,
అక్టోబరు.

అక్కయ్యకు,

మంచి పనికి అలవాటుపడ్డ మనుషులు ఒకదానితో ఆగరు. సంఘం మళ్ళీ సమావేశమైంది. చిన్నచేపలను విముక్తం చేసిన చేత్తోనే పెద్దచేపనూ విముక్తం చేయాలని తీర్మానించింది. పట్టణ వార్షికోత్సవం నాడు మన వాణ్ణి బ్యాండుమేళంతో లాంచీ ఎక్కించి సహజ జలాల్లో వదులుతారు. ఇది సహజ జలాల అభిప్రాయం అడగకుండా తీసుకున్న నిర్ణయమని నేను లిఖితపూర్వకంగా తెలిపాను. చచ్చిన చేపను చేతినుంచి తినే వాడికి వేట రాదని కూడా తెలిపాను. "ప్రకృతే నేర్పుతుంది" అన్నారు సెన్యోరా ఎర్మెలిందా. ప్రతి మందు సీసా మీదా వాడే విధానం అతికించే మనిషి ఆమె.

ఆపలేకపోయాను. చేయగలిగిందల్లా ఒక్కటే. ఎక్కడ వదలాలన్న చోట 'సాన్ ఇల్దెఫోన్సో మడుగు' అని వ్రాశాను. మీ ఊళ్ళో పైచె వేట నిషేధం ఈ నెలనుంచే కదా. వానలు వెనకబట్టేదాకా బల్లేలు చూరుల్లోనే ఉంటాయి. ఆ లోపల వాడు మడుగును నేర్చుకోవాలి, మమ్మల్ని మరచిపోవాలి.

అందుకే ఒక మనవి. బావ తెడ్డును వాడితోపాటు తిరిగి పంపుతున్నాను. కానీ మడుగు మీద తెడ్డుతో తట్టవద్దు. పైచె వేటగాడు తెడ్డును పడవకు తగలనివ్వడు. తగిలిందంటే అడవి పైచె మడుగు అవతలికి పారిపోతుంది. చప్పుడు వినగానే పారిపోయేదే బతికే చేప. నేను వాడికి సరిగ్గా దానికి వ్యతిరేకం నేర్పాను. మరచిపోనివ్వు.

ఎవారిస్తో.


సాన్ ఇల్దెఫోన్సో మడుగు,
నవంబరు.

తమ్ముడూ,

వదిలారు. మీ కౌన్సిలర్ బూట్లు బురదలో ఇరుక్కుపోతే మా ఊరి ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు. బ్యాండువాళ్ళు తడిసిన బాకాలు ఊదుతుంటే కప్పలు అరిచినట్టుంది. వాడు వలలోంచి జారి కాసేపు అక్కడే నిలబడ్డాడు. అద్దం ఎక్కడుందా అని మూతితో వెతుక్కున్నాడురా. అద్దం తగల్లేదు. వెళ్ళిపోయాడు.

నువ్వు చెప్పింది గుర్తుంది. సరే.

దూరం నుంచి చూస్తున్నాలే. బాగున్నాడు. గడ్డిలో తిరుగుతున్నాడు. మొదట్లో చిక్కినట్టున్నాడు గానీ ఇప్పుడు పక్కలు నిండుతున్నాయి. మూతిమీది తెల్లమచ్చ కూడా కొంచెం మానుతోంది, అంచుల్లో ఎరుపు తిరిగింది.

ఇంట్లో అందరం బాగున్నాం. అందరం అంటే నేను, కోళ్ళు.

అక్క.


సాంతా ఒలాయా,
జనవరి.

అక్కయ్యకు,

నీ ఉత్తరాన్ని పలుమార్లు చదివాను. మడుగు నీరు నల్లగా ఉంటుంది. ఆ మచ్చ నా బొటనవేలంత ఉంటుంది. దాని అంచుల్లో ఎరుపు తిరిగిందో లేదో చేయి చాచేంత దగ్గరగా ఉంటే తప్ప తెలియదు.

ఇది ప్రశ్న కాదు. పరిశీలన మాత్రమే.

నిషేధం మార్చిలో ఎత్తేస్తారు. నీకు తెలియనిది కాదు.

ఖాళీ తొట్టె ముందు కూడా పెళ్ళి జంటలు ఫోటో తీయించుకుంటున్నాయి. వరులు ఇప్పుడు పొడవుగా కనిపిస్తున్నారు.

ఎవారిస్తో.


సాన్ ఇల్దెఫోన్సో మడుగు,
మార్చి.

ఎవారిస్తో,

నీ పరిశీలనకు జవాబివ్వలేదు. ఇప్పుడిస్తున్నాను.

తట్టాను. నువ్వు వద్దన్నా, వదిలిన వారానికే తట్టాను. ఒక్కసారి చూసి ఊరుకుందామనుకున్నా. పొద్దున్నే పడవేసుకుని మధ్యకు పోయి, మీ బావ చెయ్యి పట్టిన చోటే పట్టుకుని తట్టాను. వచ్చాడురా. పడవ పక్కనే తేలి, దగ్గి, పడవ నీడలో నిలబడ్డాడు. అప్పుడు కుండలోకి రాకముందు నిలబడ్డట్టే. నేను ఏం పెట్టలేదు. పెట్టకపోయినా వచ్చాడు. ఆ దగ్గు వినడానికి రోజూ పోయాను. ఇంట్లో దగ్గేవాళ్ళు లేరు కదా నాకు.

రేపు మానేస్తా, నిషేధం ఎత్తేలోపు మానేస్తా అనుకుంటూనే ఉన్నా.

నిషేధం ఎత్తేసిన రోజు మధ్యాహ్నం గుమెర్సిందో వచ్చాడు. మీ బావతో ఒకే పడవలో వేటకు పోయిన మనిషి. గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. చేతిలో అరటాకు పొట్లం. "వదినా, నీ వాటా. పొట్టముక్క. తల కూడా నీకే తెచ్చా."

మా దగ్గర వాడుక నీకు తెలుసుగా. జోడీ వేటగాడు పోతే అతని పెళ్ళానికి మొదటి చేపలో వాటా పంపాలి. నేను ఆకు విప్పాను. మూతి మీద మచ్చ ఉంది.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"ఎక్కడేంటి వదినా, నువ్వు మచ్చిక చేసిన చోటే. తెడ్డుతో తట్టా, నీలాగే. అట్టా వచ్చి నిలబడింది. బల్లెం ఎత్తినా కదల్లేదు. ఇంత తేలిగ్గా నా జన్మలో దొరకలేదు."

అతను టోపీ తిప్పుతూ ఇంకా చెప్పాడు. "పొద్దున్నే నువ్వు పోయి తట్టి దాన్ని మాలిమి చేస్తుంటే ఒడ్డునుంచి చూసేవాణ్ణి. మా ఆవిడతో కూడా అన్నా, కసిమీరో పోయినా వదిన మా పడవను మరిచిపోలేదే, బల్లెం పట్టలేదు గనక ఈ రకంగా తన వంతు పని చేస్తోంది అని. కళ్ళనీళ్ళొచ్చాయి వదినా. వేరే పడవ ఏదీ దాని దగ్గరికి రాకుండా కాపలా కాశా."

కాపలా కాశాడటరా.

"కూర్చో, మాసాతో తాగిపో" అన్నా. కర్రపెండలం పుల్లగా పొంగింది, బాగుందన్నాడు. రెండో గిన్నె అడిగాడు, పోశాను. అతను చేసిన తప్పేముంది?

అతను పోయాక ఆ పొట్లం మడుగులోకి తీసుకుపోయి దింపాను. గడ్డిలోంచి చిన్నచేపలు వచ్చాయి. నువ్వు అద్దంలో వేసేవే, ఆ జాతివే. తల చుట్టూ చేరి తిన్నాయి. చివరిదాకా చూస్తూ కూర్చున్నా. వాటి మీద కోపం రాలేదు. అసహ్యమూ వెయ్యలేదు. అవి ఎవరినీ పిలవలేదు కదా.

పిలిచింది నేను.

మీకు కొత్త పైచె పిల్ల వస్తోందని లాంచీ వాళ్ళు చెప్పారు. దానికి ఏమీ నేర్పకు. చచ్చిన చేపను చేత్తో పెట్టకు, బతికినదే వెయ్యి. కానీ ముందు తొట్టెలో గడ్డి వెయ్యి, వేళ్ళు వెయ్యి, పుచ్చిన మొద్దు ఒకటి వెయ్యి. తప్పించుకోగలిగిందాన్ని తప్పించుకోనీ. ఇన్నేళ్ళూ నేను నీకు చేపలు పంపానే గానీ గడ్డి పంపాలని తోచలేదు. ఈ లాంచీలో పంపుతున్నా.

అక్క.


సాంతా ఒలాయా,
ఏప్రిల్.

అక్కయ్యకు,

గడ్డి చేరింది. వేళ్ళూ, మొద్దూ చేరాయి. మొద్దులో ఒక పీత ఉచితంగా ప్రయాణించింది, ఉద్యోగంలోకి తీసుకున్నాను.

మన వాడి మరణంపై ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించుకున్నాను. ఆ సభ్యుణ్ణి నేనే. నింద నీ ఒక్కదానిదేనన్న నీ వాదనను సంఘం పరిశీలించి తోసిపుచ్చింది. పిలుపును బావ కనిపెట్టాడు. నీవు గుర్తుచేశావు. నేను నేర్పాను. కౌన్సిలర్ గారు స్వేచ్ఛ ఇచ్చారు. గుమెర్సిందో కాపలా కాశాడు, నీ వాటా నీకు చేర్చాడు. వాడికి కీడు తలపెట్టిన మనిషి కోసం చాలా వెతికాను. దొరకలేదు. అందరం మంచే చేశాం. మరణకారణం అని వ్రాయవలసిన చోట అంతకు మించి వ్రాయడానికి నాకేమీ కనబడలేదు.

సంఘం వారికి కబురు చెప్పాను. ఒక నిమిషం మౌనం పాటించి, మధ్యాహ్న భోజనానికి వెళ్ళారు. 'ఇచ్చట హింస లేదు' అన్న ఫలకాన్ని నేనే దింపాను. దాని గురించి ఎవరూ అడగలేదు.

కొత్త పిల్ల వచ్చింది. మూరెడు ఉంది. తొట్టె నిండా నీవు పంపిన గడ్డి పరిచాక, ఆ పక్క తొట్టెలోని చిన్నచేపలను దానిలోకి వదలవలసి వచ్చింది. వదలడానికి నాకు చాలా సేపు పట్టింది. అవి నా చేతి దగ్గరే గుమిగూడి, చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి. నీళ్ళు కదిలించి అదిలించాను. పోలేదు. కసురుకున్నాను. చివరికి గుప్పెడు గులకరాళ్ళు విసిరాను, అక్కయ్యా. నా జీవితంలో ఒక చేప మీద రాయి విసరడం అదే మొదలు. అప్పుడు చెదిరి గడ్డిలోకి పారిపోయాయి. కొన్ని ఇప్పటికే లేవు. ఎక్కువ భాగం ఉన్నాయి. నన్ను చూస్తే దాక్కుంటున్నాయి. పైచె పిల్లా మొద్దు వెనకనుంచి రాదు.

ఫలితంగా తొట్టెలో ఏమీ కనబడటం లేదని పౌరులు ఫిర్యాదు చేస్తున్నారు. కౌన్సిలర్ గారు వచ్చి, మెడ చాచి నలువైపులా చూసి, "ఏవయ్యా, ఇందులో చేప ఉందా, నీ మాట మీద నమ్మాలా?" అన్నారు. ఉందని చెప్పాను. "అయితే పిలువు, చూద్దాం" అన్నారు.

దానికి పిలిస్తే వచ్చే అలవాటు లేదని సవినయంగా మనవి చేశాను.

రోజూ సాయంత్రం అద్దం ముందు కాసేపు నిలబడతాను. నెలల తరబడి తట్టిన అలవాటు గనక వేళ్ళు వాటంతట అవే చట్రం మీదికి పోతున్నాయి. అందుచేత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. పర్యవేక్షకుడికి ఈ మధ్య అధికార దర్పం ఎక్కువైందని ఊళ్ళో అనుకుంటున్నారట. ఫ్లోరిపా చెప్పింది.

అనుకోనిస్తున్నాను.

నీ తమ్ముడు,
ఎవారిస్తో.